కుట్లు మానిన తరువాత



మార్కు సువార్త 5వ అధ్యాయము మీరు అనేక పర్యాయములు చదివియుందురు. యాయీరు అను సమాజమందిరపు అధికారి తన చిన్న కుమార్తె కొరకు ప్రభువు పాదములపై పడి వేడుకొనెను. ప్రభువు ఆ యింటికి వెళ్లి, చనిపోయిన బాలికను చేయిపట్టి లేపెను. అంతటితో కథ ముగిసినదని మనము తలంతుము. ప్రసంగీకులలో చాలమంది అక్కడనే ఆగుదురు. కాని సువార్తికుడు ఇంకొక సంగతి వ్రాసియున్నాడు. ఇంటివారందరును ఆశ్చర్యముతో నిలువబడియుండగా, ఆ పిల్లకు తినుటకు ఏదైన పెట్టుడని ప్రభువు వారికి ఆజ్ఞాపించెను.

ఈ చిన్న ఆజ్ఞను తేలికగా దాటిపోకుడి. బ్రదికిన బిడ్డకు ఆకలి వేయును. మరునాడును వేయును. ఆ పని ప్రభువు తాను చేయక, తల్లిదండ్రులకును పొరుగువారికిని అప్పగించెను. ఈ నెల ఆ అప్పగింపును గూర్చి మీతో మాటలాడగోరి, ఎవరును పదిమందిలో పలుకని ఒక లోపము యొక్క చరిత్రను ఎత్తుకొనుచున్నాను. సిగ్గుపడక తుదివరకు చదువుడి. మన సిగ్గువలననే కొందరు పిల్లలు బాధపడుచున్నారు.

లోపము ఎట్టిది?

కొందరు శిశువులు మలద్వారము లేకుండ పుట్టుదురు. అది ఉండవలసిన చోట చర్మము మూసికొని యుండును. లేదా ప్రేగు చివర దారి తప్పి, మగపిల్లలలో మూత్రమార్గములోనికి, ఆడపిల్లలలో జననాంగపు ముంగిట సన్నని రంధ్రముగా తెరచుకొనును. సుమారు 5,000 జననములలో ఒకటి ఇట్టిదని వైద్యులు లెక్కింతురు. ఇది గర్భము ధరించిన మొదటి రెండు నెలలలో, అవయవములు ఏర్పడునప్పుడే కలుగును. గ్రహణమునాడు తల్లి కదలినందువలన గాని, ఆమె తిన్న పదార్థమువలన గాని, ఎవరి పాపమువలన గాని కలుగదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. యోహాను సువార్త 9వ అధ్యాయము చూడుడి. మన యిండ్లలో మాత్రము ఆ ప్రశ్న ఇంకను బాలింత మంచము చుట్టు తిరుగుచునే యున్నది.

ద్వారము లేని శిశువు పాలు త్రాగును, కాని మలము పోదు. కడుపు ఉబ్బును, పచ్చని వాంతులగును. దారి చేయనియెడల కొద్ది దినములలో ప్రాణము పోవును. నారాయణగూడలోని క్రైస్తవ సమాధుల తోట ప్రక్కగా మీలో అనేకులు నడచియుందురు. ఏ ఊరిలోనైనను పాత సమాధుల తోటలో చిన్న సమాధులు కనబడును. ఏ బిడ్డ ఏ లోపమువలన పోయెనో రాళ్లు చెప్పవు. పూర్వకాలపు శిశువులలో ఈ లోపముతో పుట్టినవారికి ఆ చిన్న సమాధి తప్ప వేరు గతి చాలవరకు లేకుండెను.

ప్రాణము కాపాడిన కాలము

మన దేశపు సుశ్రుత సంహితలో మలద్వారము సన్నబడి మూసికొనిపోవు వ్యాధికి సన్నిరుద్ధగుదము అను పేరు కలదు. నేయి పూసిన గొట్టమును లోనికి పంపి, కొన్ని దినములకొకసారి మరికొంత లావైన దానిని వాడుచు, మార్గమును మెల్లగా వెడల్పు చేయవలెనని అందు చెప్పబడెను. ఈ పద్ధతిని జ్ఞాపకముంచుకొనుడి. దీనిని మరల చూడబోవుచున్నాము. క్రీస్తుశకము 7వ శతాబ్దములో ఏజినా ద్వీపపు పౌలు అను గ్రీకు వైద్యుడు, మూసియున్న పొరను వ్రేలితోనైనను కత్తి మొనతోనైనను చీల్చవలెనని వ్రాసెను. పొర పలుచనైన శిశువులు దానితో బ్రదికియుందురు. ప్రేగు చాల పైననే ఆగిపోయినవారికి అది ఉపయోగపడలేదు.

1710లో పారిసులో లీత్ర అను వైద్యుడు, ఆరు దినములకే చనిపోయిన ఒక శిశువు దేహమును కోసి చూచెను. ప్రేగును పొట్టగోడకు తెచ్చి అక్కడ ఒక ద్వారము చేసినయెడల ఇట్టి బిడ్డ బ్రదుకవచ్చునని అతనికి తోచెను. ఆ తలంపు చాలకాలము కాగితముమీదనే నిలిచెను. 1793లో ఫ్రాన్సు దేశపు బ్రెస్టు రేవుపట్టణములో డ్యూరే అను వైద్యుని యొద్దకు ఒక బీద కుటుంబపు శిశువును తెచ్చిరి. మలద్వారము లేదు, కడుపు ఉబ్బియున్నది. డ్యూరే మొదట ఒక మృత శిశువు దేహముపై ఆ పని చేసి చూచుకొని, పిమ్మట ఈ బిడ్డకు పొట్ట ఎడమ ప్రక్కన ప్రేగును తెరచి ద్వారము చేసెను. ఆ బిడ్డ 45 ఏండ్లు జీవించెను. నేడు మన ఆసుపత్రులలో కొలాస్టమీ అని చెప్పునది ఇదియే.

1835లో పారిసులోనే అమ్యుస్సా అను శస్త్రవైద్యుడు ప్రేగు చివరను క్రిందికి లాగి, ఉండవలసిన చోటనే చర్మముతో కలిపి కుట్టెను. బిడ్డ దేహములో దాని తావుననే ద్వారము చేయుటకు ఇది నాంది. 1930లో అమెరికాలో వాంగెన్‌స్టీన్, రైస్ అను ఇద్దరు వైద్యులు శిశువును తలక్రిందుగా పట్టి ఎక్స్‌రే తీసి, ప్రేగు ఎంత దూరములో ఆగినదో కత్తి పట్టకముందే తెలిసికొను ఉపాయము కనిపెట్టిరి.

మన నగరములో

నారాయణగూడనుండి సుల్తాన్ బజారుకు మెట్రో బండిలో ఒకటే స్టేషను దూరము. ఆ సుల్తాన్ బజారులో, నాటి బ్రిటిషు రెసిడెన్సీ ఆసుపత్రిని ఆశ్రయించి, 1888లోను 1889లోను రెండు క్లోరోఫారం కమిషనులు జరిగెను. ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు వాటిని నడిపెను, ఆరవ నిజాము ధనమిచ్చెను. మత్తు ఇచ్చునప్పుడు రోగి ప్రాణము ఎట్లు పోవుచున్నదని వారు పరీక్షించిరి. శ్వాసను కనిపెట్టియుండవలెనని వారు తేల్చిరి. గుండెకు అపాయము లేదన్న వారి తీర్పును తరువాతి శాస్త్రము అంగీకరింపలేదు. అయినను మత్తు ఇచ్చు పనిని జాగ్రత్తగా నేర్వవలెనను పట్టుదల ఈ నగరములో అప్పుడు కలిగెను. రూపాబాయి ఫర్దూన్‌జీ అను హైదరాబాదు స్త్రీ ఆ ఆసుపత్రిలో రోగులకు క్లోరోఫారం ఇచ్చెను. లోకములో ఆ పని చేపట్టిన మొదటి స్త్రీ వైద్యులలో ఆమెను లెక్కింతురు. మత్తుమందు లేనినాడు పసిబిడ్డ పొట్టలో నిదానముగా పనిచేయుటకు ఎవరికిని సాధ్యము కాకుండెను.

ఇక రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి సంగతి. కడపటి నిజాము రెండవ కుమారుని భార్యయగు నీలోఫర్ రాకుమారి టర్కీ దేశపు ఉస్మానియా వంశీయురాలు. ఆమెకు సంతానము కలుగలేదు. 1949లో ఆమె పరిచారికలలో ఒకతె ప్రసవవేదనలో, తగిన వైద్యము లేక మరణించెను. ఇట్లు ఇంకొక తల్లి చావకూడదని ఆమె పట్టుపట్టినందున, తల్లులకును పిల్లలకును ఆసుపత్రి కట్టబడి 1953లో తెరువబడెను. తన ఒడిలో బిడ్డ లేని స్త్రీ పేర తెలుగు జిల్లాల బిడ్డలు వేలాదిగా చికిత్స పొందుచున్నారు. మలద్వారము లేక పుట్టిన బీదల శిశువులను ఉబ్బిన కడుపులతో అచ్చటికి తీసికొనివత్తురు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన పిమ్మట, ఇట్టి శస్త్రచికిత్సల కొరకు పొలము అమ్ముకొనవలసిన అగత్యము అనేక కుటుంబములకు తగ్గెను.

రెండవ ప్రశ్న

ఇంతవరకు వైద్యులు అడిగిన ప్రశ్న, బిడ్డ బ్రదుకునా అనునది. బ్రదికిన బిడ్డ ఐదేండ్లవాడై బడికి వెళ్లినప్పుడు ఇంకొక ప్రశ్న లేచెను. వీడు తన మలమును ఆపుకొనగలడా? తోటిపిల్లల ప్రక్కన కూర్చుండగలడా?

నీలోఫర్ ఆసుపత్రి తెరువబడిన ఆ 1953లోనే, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డగ్లస్ స్టీఫెన్స్ అను వైద్యుడు ఈ ప్రశ్నకు సంబంధించిన తన పనిని ప్రకటించెను. ప్రేగును వెనుకనుండి ఉయ్యాలవలె చుట్టి పట్టియుంచు ఒక కండరము కలదనియు, ప్రేగును ఆ ఉయ్యాలలోనుండియే క్రిందికి తేవలెననియు అతడు చూపెను. కండరమును తప్పించి ద్వారము చేసినయెడల బిడ్డ బ్రదుకును గాని మలమును ఆపుకొనలేడు.

1980లో మెక్సికో నగరమున ఆల్బెర్టో పేన్యా అను శస్త్రవైద్యుడు ఇంకొక అడుగు వేసెను. బిడ్డను బోర్లపరుండబెట్టి, వెనుక సరిగా నడిమి గీతపై కోసి, కండరములన్నిటిని కండ్లార చూచుచు, విద్యుత్తుతో వాటిని తాకి అవి ముడుచుకొనుట పరీక్షించి, వాటి నడుమ ప్రేగును అమర్చెను. అతడును డీ వ్రీస్ అను సహచరుడును 1982లో ఈ పద్ధతిని ప్రకటించిరి. నేడు ప్రపంచమంతట ఎక్కువగా అనుసరించునది ఇదియే. 2000 తరువాత, పొట్టపై చిన్న రంధ్రములగుండ దుర్బిణితో చేయు పద్ధతియు, ముఖ్యముగా ప్రేగు చాల పైన ఆగిన పిల్లలకు, వాడుకలోనికి వచ్చెను.

పేన్యా చేసిన పనులలో కత్తి పని కంటె లెక్క పని తక్కువది కాదని నా నమ్మకము. తాను చికిత్స చేసిన వెయ్యిమందికి పైగా పిల్లలను ఏండ్ల తరబడి చూచి, 2000లో అతడును సహచరుడును ఫలితములను దాచక వ్రాసిరి. నూటికి 75 మంది తమంతట తాము మలవిసర్జన చేయగలిగిరి. అయితే వారిలో సగముమందికి అప్పుడప్పుడు బట్టలకు మరక అంటుచుండెను. తక్కిన 25 మంది ఆపుకొనలేకపోయిరి. అనగా, మిక్కిలి నేర్పుగల చేతులతో చేసినను, పూర్తిగా నిశ్చింతగా నుండినవారు నూటికి 40 మందికి లోపుగనే.

చదువరీ, దీనిని విని దిగులుపడకుడి. ఈ పిల్లలందరును ఒక్క తీరువారు కారు. ప్రేగు చర్మమునకు దగ్గరగా తెరచుకొన్న పిల్లలు ఇంచుమించు అందరును బాగుగా నుందురు. మగపిల్లలలో ప్రేగు మూత్రాశయపు మెడకు కలిసినప్పుడు ఆపుకొనగలవారు కొద్దిమందియే. వెన్నెముక చివరి ఎముక సరిగా ఏర్పడినదా, వెన్నుపాము సరిగా నున్నదా అనుదానిపై ఫలితము చాలవరకు ఆధారపడును. ఇది బిడ్డ పుట్టుకతో తెచ్చుకొన్న భాగము. శస్త్రవైద్యుడు దానిని మార్చలేడు, తల్లి ప్రార్థన తక్కువైనందున అట్లయినదని ఎవరును అనకూడదు. 2005లో జర్మనీలోని క్రికెన్‌బెక్ కోటలో అనేక దేశముల వైద్యులు కూడి, ఫలితమును అందరును ఒకే కొలతతో కొలువవలెనని నిశ్చయించిరి. తనంతట విసర్జన కలదా, మరక పడుచున్నదా, మలబద్ధకము కలదా అను మూడింటిని చూడవలెను. బిడ్డకు మూడేండ్లు దాటిన తరువాతనే చూడవలెను. కుట్లు మానుటను ఎవరును ఫలితమని లెక్కింపలేదు.

ఇంటివారికి అప్పగింపబడిన పని

ఇచ్చట ప్రభువు యాయీరు ఇంటివారితో చెప్పిన సంగతి జ్ఞాపకము తెచ్చుకొనుడి. ఆసుపత్రినుండి బిడ్డ వచ్చును. సంఘములో సాక్ష్యము చెప్పుదురు, స్తోత్రగీతము పాడుదురు. మంచిదే. అసలు పని అప్పుడే మొదలగును.

మొదటిది, క్రొత్త ద్వారము మూసికొనిపోకుండ చూచుట. శస్త్రచికిత్సయైన రెండు వారములకు వైద్యుడు నున్నని లోహపు కడ్డీతో ద్వారమును వెడల్పు చేయ నారంభించును. పిమ్మట తల్లిదండ్రులే ఇంటివద్ద దినమునకు రెండుసార్లు చేయవలెను, వారము వారము కొంచెము లావైనది వాడవలెను. సుశ్రుతుని నేయి పూసిన గొట్టము జ్ఞాపకమున్నదా? బిడ్డ ఏడ్చును, తల్లి చేయి వణకును, అత్తగారు ఇక చాలునందురు. మానినయెడల ద్వారము సన్నబడి మరల కత్తి తప్పకపోవచ్చును. పని చేయు ఆ వణకు చేతిని ఒక పొరుగు స్త్రీ ప్రక్కన నుండి నిలుపగలదు.

రెండవది, మలబద్ధకమును లెక్కచేయుట. ఈ పిల్లలలో మిక్కిలి సాధారణమైన కష్టమిది. ప్రేగులో మలము గడ్డకట్టి నిండినప్పుడు దాని ప్రక్కనుండి నీళ్లవంటి మలము కారి బట్టలు తడియును. ఇంటివారు దానిని విరేచనములని భ్రమించి, కట్టుటకు మందిత్తురు. కష్టము రెండింతలగును. ఆపుకొను శక్తి గల బిడ్డకూడ ఇట్లు శక్తిలేనివాడని ముద్రపడును. కావున మరక చూడగానే వైద్యుని అడుగవలెను గాని అంగటి మందు వేయరాదు.

మూడవది, ఆపుకొనలేని బిడ్డకును నిరాశ లేదని ఎరుగుట. దినమునకొక పర్యాయము, అదే వేళకు, వైద్యుడు నిర్ణయించిన కొలతగా ఎనీమా ఇచ్చి ప్రేగును శుభ్రము చేసినయెడల, మరునాటివరకు బట్టలు శుభ్రముగా నుండునట్లు చాలమందికి చేయవచ్చును. కొలత కుదురుటకు వారము దినములు ఎక్స్‌రేలు చూచుచు సరిచేయుదురు. బిడ్డ పెద్దవాడైనప్పుడు, 1990లో మలోన్ అను వైద్యుడు ప్రకటించిన విధముగా, ఉండుకమును బొడ్డునకు దగ్గరగా చిన్న మార్గముగా కుట్టి, తన ఎనీమా తానే పైనుండి పోసికొనునట్లును చేయుదురు. కండరము రాలేదు, అయినను బిడ్డ బడికి వెళ్లెను. ఇదియు స్వస్థతయే.

నాలుగవది, మూత్రపిండములను, గుండెను, వెన్నును పరీక్ష చేయించుట. ఈ లోపముతో పుట్టినవారిలో అనేకులకు మూత్రమార్గములో మరియొక లోపము కూడ ఉండును. పైకి కనబడని ఆ లోపమే పెద్దయైన తరువాత ప్రాణమునకు వచ్చును.

మన వీధులలో

ఇప్పుడు నాతోకూడ నారాయణగూడ కూడలినుండి చిక్కడపల్లి మీదుగా ఆర్.టి.సి. క్రాస్‌రోడ్లవరకు మనస్సులో నడువుడి. బడులు విడిచిన వేళ ఎందరు పిల్లలు! వారిలో ఒకడు గంటకొకసారి లేచి బయటికి వెళ్లగోరినయెడల, ఉపాధ్యాయుడు అల్లరియని ఎంచును. ఒకతె ఆటల వేళ గోడప్రక్కన నిలుచును, ఆమెకు గర్వమని తోటిపిల్లలందురు. మరక, వాసన అను రెండు మాటలు ఆ పిల్లల దినమునంతటిని ఏలుచుండవచ్చునని మనకు తెలియదు.

అశోక్‌నగర్ సందులలోనికి తిరుగుడి. సర్కారు ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను యువతీయువకులు జిల్లాలనుండి వచ్చి, గదికి నలుగురైదుగురు చొప్పున ఉందురు. అందరికి కలిపి ఒకటే మరుగుదొడ్డి. నగర కేంద్ర గ్రంథాలయములో తెల్లవారినది మొదలు కుర్చీ కొరకు పోటీ. నీలోఫర్‌లో గాని మరియెక్కడ గాని ఇరువదియేండ్ల క్రిందట బ్రదికింపబడిన శిశువు నేడు అక్కడ కూర్చుండియుండవచ్చును. అతనికి ఉదయము ఒక గంట మరుగుదొడ్డి కావలెను. అది అడుగుటకు నోరు రాక నాలుగు గంటలకే లేచును, పగలంతయు తినక చదువును. శస్త్రచికిత్స ఫలితము పట్టికలలో అతడు బాగుపడినవాడే. ఒక గంట తాళము వేసికొనుటకు వీలైన గది అతనికి పుస్తకముతో సమానముగా అవసరమని ఇంటి యజమానునికి ఎవరు చెప్పుదురు?

కాబట్టి, చదువరీ, మీరు ఉపాధ్యాయులైనయెడల, కారణమడుగక బయటికి పోనిండు. మీరు గది అద్దెకిచ్చువారైనయెడల, గొళ్లెము సరిగా పడునట్లు చూడుడి, నీళ్లు ఆపకుడి. మీరు మంత్రసానులైనను అమ్మమ్మలైనను, పుట్టిన ప్రతి శిశువును మొదటి దినముననే బట్ట తీసి చూడుడి. మొదటి మలము ఒక దినములోగా పడినదా, సరియైన చోటనుండియే పడినదా అని అడుగుడి. ఆడపిల్లలలో వేరొక రంధ్రమునుండి మలము వచ్చుచున్నందున నెలల తరబడి తెలియకపోవుట కలదు. మీరు సంఘ పెద్దలైనయెడల, సాక్ష్యము విన్న ఆదివారముతో ఆ కుటుంబమును మరువకుడి. ఆరు నెలలకు, మూడేండ్లకు, బడిలో చేర్చిననాడు, ఎట్లున్నదని ఆ తల్లిని ఒంటరిగా, మెల్లగా అడుగుడి.

యాయీరు ఇంటికి పోవు త్రోవలోనే, పండ్రెండేండ్లు రక్తస్రావముతో దాగి తిరిగిన ఒక స్త్రీ జనసమూహములో వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రమును ముట్టెను. ఆమె రోగము మర్యాదస్థులు పలుకనిది. ప్రభువు ఆమెను నలుగురిలో నిలిపి కుమారీ అని పిలిచెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో, దేహమందు మనము ఘనత లేనివని తలంచు అవయవములకే దేవుడు ఎక్కువ ఘనత కలుగజేసెనని బోధించెను. ఆ బోధను మనము సంఘమునకు ఉపమానముగా మాత్రమే చదివితిమి. ఈ పిల్లలు దానిని తమ శరీరములలో చదువుచున్నారు.

ప్రార్థింతము. ప్రభువా, బ్రదికించిన చేతులకై నీకు స్తోత్రము. కుట్లు మానిన తరువాత వచ్చు ఏండ్లలో, నీవు మాకు అప్పగించిన అన్నము పెట్టు పనిని మేము మరువకుండ జేయుము. పలుకరాని బాధను మోయు బిడ్డ మా ప్రక్కన కూర్చుండునప్పుడు, వాడు లేచిపోకుండునట్లు మా ముఖములను మృదువుగా జేయుము. ఆమేన్.